యూజ్‌నెట్ న్యూస్ సర్వర్ పెట్టి నడపడం: తిరుపతి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి భవానీ నగర్‌లో మా మిద్దె మీద గదిలో ఒక చిన్న న్యూస్ సర్వర్ నడుస్తోంది. దాన్ని చూడడానికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు, చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి ఫోన్ చేసే స్నేహితులు దాదాపు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. నేను వాడేది డెబియన్ లినక్స్ మీద ఐఎన్‌ఎన్ అనే న్యూస్ సర్వర్ ప్రోగ్రామ్ కాబట్టి జవాబులన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

యూజ్‌నెట్ అంటే ఏంటి? ఇంకా బతికే ఉందా?

విషయానికో గ్రూపు చొప్పున జనం రాసుకునే మాటలను (వాటిని ఆర్టికల్స్ అంటారు) సర్వర్ల మధ్య మార్చుకునే చర్చావేదిక యూజ్‌నెట్. బతికే ఉంది. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దీన్ని ఆలోచించారు. పక్కనే ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీలో స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రామ్‌ను షెల్ స్క్రిప్టుగా రాశాడు. అప్పట్లో కంప్యూటర్లు రాత్రిపూట ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాలు మార్చుకునేవి. 1986లో ఆర్‌ఎఫ్‌సీ 977తో ఎన్‌ఎన్‌టీపీ అనే పద్ధతి వచ్చి, అదే పని ఇంటర్నెట్ మీద జరగడం మొదలైంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3977.

దీనికి యజమాని లేడు. ఎవరి సర్వర్ వాళ్లది. ఒకరు రాసిన ఆర్టికల్ ఒక సర్వర్ నుంచి పక్క సర్వర్‌కు, అక్కడి నుంచి ఇంకో దానికి పాకుతూ పోతుంది. ఒక కంపెనీ తలుపులు మూసేసినా మిగతావాళ్ల దగ్గర కాపీ ఉంటుంది. 2024 ఫిబ్రవరి 22న గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో సంబంధం తెంచుకుంది. చాలామంది దాంతో కథ అయిపోయిందనుకున్నారు. కానీ ఆ దారిన వచ్చి పడుతున్న స్పామ్ ఆగిపోయి, చాలా గ్రూపుల్లో మళ్లీ మనుషుల మాటలు కనబడుతున్నాయి.

తెలుగువాళ్లకు దీంతో పాత సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపు ఉండేది. దాన్ని స్కిట్ అనేవాళ్లు. మన దేశంలో మామూలు జనానికి వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. కాబట్టి ఆ రోజుల్లో అందులో రాసినవాళ్లలో ఎక్కువమంది విదేశాల్లో చదువుకుంటున్నవాళ్లే. తెలుగు లిపి తెర మీదికి రాని కాలం అది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడానికి అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఒక పద్ధతి పుట్టింది. ఆర్‌టీఎస్ అని పేరు. పద్యాలు, వంటలు, రాజకీయాలు, వ్యాకరణం మీద తగాదాలు అన్నీ అందులోనే నడిచాయి. ఇంటర్నెట్ మీద తెలుగు మొదట ఊపిరి పీల్చుకున్న చోట్లలో అదొకటి. నేను సర్వర్ పెట్టాలనుకోవడానికి సగం కారణం ఇదే.

న్యూస్ సర్వర్ రోజంతా చేసే పని ఏంటి?

పక్కవాడు "ఈ కబురు నీకు అందిందా?" అని అడుగుతాడు. అందలేదంటే పంపుతాడు, అందిందంటే ముందుకు పోతాడు. సర్వర్ల మధ్య జరిగేది ఇంతే. ప్రతి ఆర్టికల్‌కు ప్రపంచంలో ఇంకెక్కడా లేని మెసేజ్-ఐడీ ఉంటుంది. మన సర్వర్ తను చూసిన ఐడీలన్నిటినీ హిస్టరీ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. పీర్, అంటే మనతో ఆర్టికల్స్ మార్చుకునే పక్క సర్వర్, ఒక ఐడీ చూపిస్తే హిస్టరీలో వెతికి, 238 అంటే పంపు, 438 అంటే వద్దు అని జవాబిస్తుంది. ఇంకో ఆధారం పాత్ హెడర్. ఆర్టికల్ పైన ఉండే సమాచార లైన్లను హెడర్లు అంటారు. ఆర్టికల్ ఏయే సర్వర్ల గుండా వచ్చిందో ఆశ్చర్యార్థకం గుర్తులతో విడదీసి అందులో రాసి ఉంటుంది. ఎవరి పేరు ఇప్పటికే అందులో ఉందో వాళ్లకు తిరిగి పంపరు. ఈ రెండూ సరిగ్గా ఉన్నంతకాలం ఒకే ఆర్టికల్ గుండ్రంగా తిరగదు.

నేను ఒక్కడినే చదువుకుంటాను. నాకు సర్వర్ అవసరమా?

అక్కర్లేదు. ఉచితంగా టెక్స్ట్ గ్రూపులు ఇచ్చే సర్వర్లు ఉన్నాయి. వాటిలో ఖాతా తీసుకుని థండర్‌బర్డ్‌తోనో, టెర్మినల్ అలవాటుంటే టిన్, ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్‌తోనో చదువుకోవచ్చు. ఇంట్లో నలుగురు ఉండి, లైన్ తరచూ పోతుంటే లీఫ్‌నోడ్ చాలు. మీరు చదివే గ్రూపులను మాత్రమే పైసర్వర్ నుంచి తెచ్చిపెడుతుంది. పది మందికి ఖాతాలు ఇవ్వాలి, సొంత గ్రూపులు కావాలి, ఇతరుల ఆర్టికల్స్‌ను ముందుకు పంపే గొలుసులో మనమూ ఒక కొక్కెం కావాలి అనుకున్నప్పుడే ఐఎన్‌ఎన్ జోలికి రండి.

ఎలాంటి మెషిన్ కావాలి?

టెక్స్ట్ మాత్రమే అయితే పాత డెస్క్‌టాప్ చాలు. నాలుగు జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలో కూడా పెట్టొచ్చు, కానీ హిస్టరీనీ, ఓవర్‌వ్యూనీ (గ్రూపుల్లోని ఆర్టికల్స్ సూచిక) ఎస్‌డీ కార్డు మీద ఉంచకండి. ఆగకుండా రాస్తూ ఉంటే కార్డు త్వరగా చచ్చిపోతుంది.

మన ఊళ్లో ఇంకో రెండు చూసుకోవాలి. మే నెలలో రేకుల కింద గదిలో పెడితే ఎండకి మెషిన్ మాడిపోతుంది. నవంబర్ వానలకు గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీద పెడితే నీళ్లలో ఉంటుంది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద నడుస్తుందా?

నడుస్తుంది, కానీ ముందు ఒకటి చూసుకోవాలి. చాలా కనెక్షన్లలో మీకు ఇచ్చే ఐపీ మీ ఒక్కరిదే కాదు, వందల ఇళ్లకు కలిపి ఒకటే. దీన్ని సీజీనాట్ అంటారు. రౌటర్‌లో కనిపించే వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు అందులోనే ఉన్నట్టు. బయటి పీర్ మీ 119వ పోర్టును, అంటే న్యూస్ వచ్చే తలుపును, తట్టలేడు. మూడు దారులున్నాయి. నెలకు కొంత ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం ఒకటి. ఐపీవీ6 నిజంగా పనిచేస్తుంటే, మీ పీర్లకూ అది ఉంటే దాని మీదే నడపడం రెండోది. ఎక్కడో చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లోని వర్చువల్ సర్వర్) అద్దెకు తీసుకుని అక్కడి నుంచి ఇంటికి వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్‌తో టన్నెల్ వేసుకోవడం మూడోది. నేను చేసింది మూడోది. ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే నమోదు) మన పేరుతో పెట్టించుకోవడం అక్కడ సులువు, ఆ పేరు సరిగ్గా లేకపోతే కొందరు పీర్లు ఒప్పుకోరు.

స్తంభం నుంచి స్తంభానికి వేలాడే ఫైబర్ తీగ మీద కోతులు ఊగితే లైన్ పోతుంది. అలిపిరి వైపు కాలనీల్లో ఇది వారం వారం జరిగే సంగతి. దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఎందుకో కరెంటు ప్రశ్న దగ్గర చెబుతాను.

ఐఎన్‌ఎన్ ఎందుకు? వేరేవి లేవా?

ఉన్నాయి. కానీ రిచ్ సాల్జ్ 1990ల మొదట్లో రాసిన ఐఎన్‌ఎన్ ఇప్పటికీ నిర్వహణలో ఉంది. 2.7 వెర్షన్ 2022లో వచ్చింది. డెబియన్‌లో ఐఎన్‌ఎన్2 ప్యాకేజీ పేరుతో దొరుకుతుంది. మాన్యువల్ పేజీలు ఎంత శ్రద్ధగా రాశారంటే, ఏ సందేహం వచ్చినా నేను ముందు వాటినే తెరుస్తాను.

ఇన్‌స్టాల్ అయింది. ముందు ఏ ఫైల్ తెరవాలి?

ఇన్ డాట్ కాన్ఫ్. అందులో పాత్‌హోస్ట్ అనే పేరు జాగ్రత్తగా ఎంచుకోండి. పాత్ హెడర్‌లో ప్రపంచమంతా తిరిగే మీ పేరు అదే. తర్వాత మారిస్తే పీర్లందరూ వాళ్ల ఫైళ్లు మార్చుకోవాలి. మీ సొంత డొమైన్‌లోని పూర్తి హోస్ట్ పేరు పెట్టడం మేలు. డొమైన్, ఫిర్యాదుల ఈమెయిల్ అడ్రస్, ఎంటీఏ (మెయిల్ పంపే ప్రోగ్రామ్) కూడా అక్కడే నింపాలి. ఎంటీఏ ఎందుకంటే, మోడరేటెడ్ గ్రూపుకు మీ పాఠకుడు రాస్తే అది గ్రూపులోకి పోదు, మోడరేటర్‌కు ఈమెయిల్‌గా పోతుంది. మెయిల్ బయటికి వెళ్లకపోతే ఆ ఉత్తరం మధ్యలోనే ఆగిపోతుంది. ఇంటి లైన్లలో 25వ పోర్టు మూసి ఉండడం మామూలే కాబట్టి మన మెయిల్‌ను ముందుకు పంపే రిలే సర్వర్ ఒకటి చూసుకోండి.

ఏ ఫైల్ మార్చినా, సెట్టింగ్స్ సరిచూసే ఇన్‌చెక్ ఒకసారి నడపండి. మరచిన కోలన్, తప్పు పర్మిషన్ రెండూ చెబుతుంది. ఇంకో అయోమయం కూడా ఇక్కడే తీర్చేస్తాను. ఇన్ డాట్ కాన్ఫ్, స్టోరేజ్ డాట్ కాన్ఫ్ మారిస్తే సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. న్యూస్‌ఫీడ్స్, ఇన్‌కమింగ్ డాట్ కాన్ఫ్ మారిస్తే రీలోడ్ చాలు. రీడర్స్ డాట్ కాన్ఫ్ మారిస్తే ఏమీ చేయక్కర్లేదు, కొత్తగా కనెక్ట్ అయినవాళ్లకు కొత్త నియమమే వర్తిస్తుంది.

ఆర్టికల్స్‌ను ఏ పద్ధతిలో దాచాలి?

ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ట్రాడ్‌స్పూల్ అనేది పాత పద్ధతి. ఒక ఆర్టికల్‌కు ఒక ఫైల్, ఒక గ్రూపుకు ఒక ఫోల్డర్. నేరుగా ఫైల్ తెరిచి చదువుకోవచ్చు, నేర్చుకునేవాళ్లకు దీనికి మించింది లేదు. నేను దాంతోనే మొదలుపెట్టి వంద జీబీ పార్టిషన్ ఇచ్చాను. కొన్నేళ్లకు సరిపోతుందని ధీమాగా ఉన్నాను. ఒకరోజు పొద్దున చూస్తే సర్వర్ తనంతట తానే థ్రాటిల్ అయిపోయి కొత్తవి తీసుకోవడం మానేసింది. డిస్క్ జాగా చూపే డీఎఫ్ కమాండ్ కొడితే డెబ్బై జీబీకి పైగా ఖాళీ చూపిస్తోంది. లాగ్‌లో మాత్రం జాగా లేదని ఉంది. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక డీఎఫ్‌కు ఐ ఆప్షన్ ఇచ్చి చూశాను. ఐనోడ్లు (ప్రతి ఫైల్‌కూ డిస్క్ మీద ఒకటి కావాల్సిన నమోదు) నూటికి నూరు శాతం అయిపోయాయి.

లెక్క తేలికే. ఈఎక్స్‌టీ4 అనే డిస్క్ ఫార్మాట్ మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ కేటాయిస్తుంది. వంద జీబీకి సుమారు 65 లక్షలు. న్యూస్ ఆర్టికల్ ఒక్కొక్కటి చాలావరకు 4 కేబీ బ్లాక్‌లో ఇమిడిపోతుంది. 65 లక్షల చిన్న ఫైళ్లు పడేసరికి డిస్క్ పావు వంతే నిండుతుంది, ఐనోడ్లు మాత్రం సున్నా. ఫార్మాట్ చేసేటప్పుడే 4 కేబీకి ఒక ఐనోడ్ అని చెప్పి ఉంటే, లేదా ఐనోడ్లను అప్పటికప్పుడు తయారు చేసుకునే ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాడి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు స్థానిక గ్రూపులు, తెలుగు గ్రూపులు ట్రాడ్‌స్పూల్‌లో ఉంచుకున్నాను, ఎందుకంటే వాటిని ఎప్పటికీ తీసేయదలచుకోలేదు. మిగతావన్నీ సీఎన్‌ఎఫ్‌ఎస్‌లో. అది ముందే కొలత వేసి పెట్టిన పెద్ద ఫైల్. నిండగానే మొదటికి తిరిగి వచ్చి, అన్నిటికంటే పాతదాని మీద కొత్తది రాస్తుంది. డిస్క్ నిండిపోవడం అనే భయమే ఉండదు. పాతవి ఎన్నాళ్లు ఉంటాయో మాత్రం మన చేతుల్లో ఉండదు, వచ్చే ఆర్టికల్స్ సంఖ్య మీద ఆధారపడుతుంది.

ఓవర్‌వ్యూకు ట్రాడ్‌ఇండెక్స్‌డ్ చాలు. 2.7 నుంచి ఓవీఎస్‌క్యూలైట్ కూడా ఉంది, కొత్తగా పెట్టేవాళ్లు దాన్నీ చూడొచ్చు.

పీర్లు ఎలా దొరుకుతారు?

అడిగితే దొరుకుతారు. న్యూస్.అడ్మిన్.పీరింగ్ అనే గ్రూపు ఇందుకోసమే ఉంది. మీ పాత్‌హోస్ట్, సర్వర్ పేరు, ఐపీలు, ఏయే గ్రూపులు కావాలి, ఆర్టికల్ గరిష్ఠ సైజు ఎంత, మిమ్మల్ని అందుకునే ఈమెయిల్ రాసి మర్యాదగా అడగండి. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది దశాబ్దాలుగా సొంత ఖర్చుతో నడుపుతున్నవాళ్లు. మీరు ఎవరో, ఎందుకు పెట్టారో రెండు వాక్యాలు రాస్తే సంతోషిస్తారు. తిరుపతి అని రాయగానే నాకు ఒక యూరప్ అడ్మిన్ నుంచి గుడి గురించి ప్రశ్నలు వచ్చాయి, ఆ మాటలతోనే స్నేహం కుదిరింది.

ఒక్క పీర్‌తో ఆగకండి. కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరి లైన్ పోయినా మిగతా ఇద్దరి దగ్గర నుంచి అదే ఆర్టికల్ వస్తుంది.

మీ వైపు చేయాల్సింది రెండు చోట్ల ఉంటుంది. వాళ్లు పంపేది తీసుకోవడానికి ఇన్‌కమింగ్ డాట్ కాన్ఫ్‌లో వాళ్ల హోస్ట్ పేరు రాయాలి. మీరు పంపడానికి న్యూస్‌ఫీడ్స్‌లోనూ ఇన్‌ఫీడ్ డాట్ కాన్ఫ్‌లోనూ రాయాలి. న్యూస్‌ఫీడ్స్‌లో లోకల్, జంక్, కంట్రోల్ గ్రూపుల ముందు ఆశ్చర్యార్థకం పెట్టి ఆపండి. మీ ఇంటి మాటలు ఊరి మీద పడకూడదు కదా.

సినిమాలు, ఫైళ్లు ఉండే బైనరీ గ్రూపులు ఇవ్వొచ్చా?

వద్దు. బైనరీ ఫీడ్ మొత్తం తీసుకోవాలంటే డేటా సెంటర్ కావాలి, ఇంటి లైన్ ఒక్క గంట కూడా తట్టుకోదు. పైగా అందులో ఎక్కువభాగం కాపీరైట్ ఉల్లంఘనే.

న్యూస్‌ఫీడ్స్‌లో ఆల్ట్.బైనరీస్ ముందు ఆశ్చర్యార్థకం పెడితే సరిపోదు. అదే ఆర్టికల్‌ను మామూలు గ్రూపుకు కూడా క్రాస్‌పోస్ట్ చేసి (ఒకేసారి రెండిటికీ పంపి) ఉంటే ఆ దారిన వెళ్లిపోతుంది. ఎట్ గుర్తు పెడితే మాత్రం ఆ గ్రూపు పేరు ఉన్న ఆర్టికల్ ఇంకెక్కడికి క్రాస్‌పోస్ట్ అయినా పోదు. పీర్లకు కూడా మీకు అలాగే పంపమని చెప్పండి.

చదివేవాళ్లకు ఖాతాలు ఎలా ఇవ్వాలి?

రీడర్స్ డాట్ కాన్ఫ్‌లో రెండు రకాల బ్లాకులు ఉంటాయి. ఎవరో గుర్తుపట్టేది ఆథ్ బ్లాక్, ఏం చేయొచ్చో చెప్పేది యాక్సెస్ బ్లాక్. ఫైల్‌లో కింద ఉన్నదానికే ముందు అవకాశం వస్తుందని గుర్తుపెట్టుకోండి. అందరికీ వర్తించేది పైన, ప్రత్యేకమైనవి కింద రాయాలి. దీన్ని తలకిందులుగా రాసి, నా నియమం ఎందుకు పనిచేయట్లేదని నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామంది.

పాస్‌వర్డ్ లేకుండా పోస్ట్ చేయనివ్వకండి. తలుపు తెరిచిపెట్టిన సర్వర్‌ను స్పామర్లు వెతికి పట్టుకుంటారు, మీ పాత్‌హోస్ట్ పేరు చెడిపోతుంది, పీర్లు ఒక్కొక్కరే వదిలేస్తారు. యాక్సెస్‌లో ఆర్, పీ అంటే చదవడం, రాయడం. ఏ అనేది అప్రూవ్డ్ హెడర్‌తో మోడరేటెడ్ గ్రూపులోకి నేరుగా రాసే హక్కు, మామూలు ఖాతాకు ఇవ్వకూడదు. పాస్‌వర్డ్ అడిగే చోట టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే రక్షణ) తప్పనిసరి చేసి 563వ పోర్టు ఇవ్వండి. సర్టిఫికెట్ తాళం ఫైల్ న్యూస్ అనే యూజర్ చదవగలిగేలా ఉండాలి, ఇంకెవరూ చదవలేని విధంగా ఉండాలి.

ఇంకో మాట. రాసేవాళ్ల ఐపీ అడ్రస్ ఇంజెక్షన్-ఇన్ఫో హెడర్‌లో ప్రపంచమంతటికీ కనబడుతుంది. దాన్ని చేర్చే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది. నేను ఆపేశాను. ఎవరు రాశారో నా లాగ్‌లో ఉంటుంది, అది చాలు. మన దగ్గరికి నమ్మి వచ్చిన పిల్లల ఇంటి ఐపీ అడ్రస్ బయట వేలాడదీయడం తప్పు.

తెలుగులో రాస్తే సరిగ్గా పోతుందా?

యూటీఎఫ్-8లో రాస్తే చక్కగా పోతుంది. ఐఎన్‌ఎన్ వైపు నుంచి ఏ అడ్డూ లేదు. క్లయింట్, అంటే మీరు చదివి రాసే ప్రోగ్రామ్, సరిగ్గా ఉంటే చాలు.

అయితే తెలుగుకు మాత్రమే వచ్చే ఇరుకులు రెండున్నాయి. ఒక లైన్‌లో 998 బైట్లకు మించకూడదని నిబంధన. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటు కాబట్టి అక్కడ అది గుర్తే రాదు. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకు మూడు బైట్లు. శ్రీ అని రాస్తే మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు గుర్తులు, మొత్తం పన్నెండు బైట్లు. అంటే వరుసగా 83 శ్రీలు రాసేసరికి లైన్ నిండిపోతుంది. ఫోన్‌లో పేరా మొత్తం ఎంటర్ కొట్టకుండా రాసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది ఇట్టే తగులుతుంది. క్లయింట్‌లో లైన్ విరుపు ఆన్ చేసుకోమని చెప్పండి.

రెండోది సబ్జెక్ట్ లైన్. హెడర్లలో తెలుగును బేస్64లోకి మార్చి ముక్కలుగా పంపుతారు. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందూ వెనకా గుర్తులు పోను అందులో పట్టేది 15 తెలుగు గుర్తులే. తిరుపతి అనే పేరుకే ఏడు పోతాయి. మంచి క్లయింట్ తనే ముక్కలు చేసుకుంటుంది. పాతవి గుర్తు మధ్యలో తెగ్గొట్టి డబ్బాలు చూపిస్తాయి. సబ్జెక్ట్ పొట్టిగా రాసుకుంటే ఏ బాధా లేదు.

గ్రూపు పేరు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే పెట్టండి. న్యూస్‌గ్రూప్స్ ఫైల్‌లో దాని పక్కన రాసే వివరణ తెలుగులోనే ఉండొచ్చు. మా లోకల్ గ్రూపులన్నిటికీ అలాగే రాశాను, క్లయింట్‌లో జాబితా తెరిస్తే తెలుగు కనబడుతుంది.

సొంత గ్రూపులు పెట్టొచ్చా?

మీ సర్వర్‌లో మీ ఇష్టం. సర్వర్‌ను అదుపు చేసే సీటీఎల్‌ఐఎన్‌ఎన్‌డీ ప్రోగ్రామ్‌లోని న్యూగ్రూప్ కమాండ్‌తో క్షణంలో వస్తుంది. కాంప్, సై, సోక్, రెక్ లాంటి ఎనిమిది పెద్ద శాఖల్లోకి మాత్రం మీ అంతట మీరు కొత్తది చేర్చకూడదు, వాటికి ఒక బోర్డు ఉంది. బయటి నుంచి వచ్చే న్యూగ్రూప్, ఆర్‌ఎమ్‌గ్రూప్ కంట్రోల్ మెసేజ్‌లను పీజీపీ సంతకం సరిచూశాకే అమలు చేసేలా పెట్టుకోండి. సంతకం లేనివాటిని నమ్మితే ఎవరో ఆకతాయి మీ గ్రూపుల్ని తుడిచేస్తాడు.

స్పామ్‌ను ఎలా ఆపాలి?

క్లీన్‌ఫీడ్ అనే ఫిల్టర్ పెట్టండి. తప్పుచోట పడిన బైనరీలను, ఒకే సరుకును పదేపదే వేసేవాళ్లను పట్టుకుంటుంది. నోసెమ్ అనేది ఇంకో మార్గం. నమ్మకమైనవాళ్లు సంతకం చేసి ఇచ్చే స్పామ్ జాబితాలను మీ సర్వర్ పాటిస్తుంది. ఎవరి జాబితా నమ్మాలో మీరే ఎంచుకుంటారు.

యూజ్‌నెట్‌లో స్పామ్ అంటే ఏంటో కొలత కూడా ఉంది, బ్రైడ్‌బార్ట్ సూచీ. ఒకే సరుకు ఉన్న ప్రతి పోస్టుకూ అది ఎన్ని గ్రూపులకు పోయిందో ఆ సంఖ్య వర్గమూలం తీసి అన్నీ కూడతారు. 45 రోజుల్లో 20 లేదా అంతకు మించితే స్పామ్. మాట నచ్చలేదని కాదు, ఎన్నిసార్లు వేశాడన్నదే లెక్క. ఈ న్యాయం నాకు బాగా నచ్చుతుంది. ఒకరి అభిప్రాయం నచ్చక ఫిల్టర్‌లో వేయమని నన్ను అడిగినవాళ్లకు నేను చూపించేది ఇదే.

రోజూ ఎంత సమయం పెట్టాలి?

పది నిమిషాలు, కానీ రోజూ. న్యూస్ డాట్ డైలీ అనే ప్రోగ్రామ్ రాత్రి క్రాన్ (వేళకు పనులు నడిపే ఏర్పాటు) ద్వారా నడుస్తుంది. గడువు తీరినవి తీసేస్తుంది, లాగ్‌లు మడతపెడుతుంది, రిపోర్ట్ మెయిల్ చేస్తుంది. పొద్దున కాఫీ తాగుతూ దాన్ని చదువుతాను. నేను చూసేవి మూడే. ఏ పీర్ నుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని తిరస్కరించాం, ఎందుకు తిరస్కరించాం. నిన్న బాగా పంపిన పీర్ ఇవాళ సున్నా అయితే వాళ్ల ఐపీ మారి ఉంటుంది. తిరస్కరణలు ఒక్కసారిగా పెరిగితే తప్పు మన దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. ఆ లాగ్‌ల మీద లాగ్‌రొటేట్‌ను (లాగ్‌లు మడతపెట్టే మరో ప్రోగ్రామ్) వేరుగా నడపకండి, రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఎక్స్‌పైర్ డాట్ సీటీఎల్‌లో రిమెంబర్ అనే లైన్ ఒకటి ఉంటుంది, మామూలుగా 11 రోజులు. ఇన్ డాట్ కాన్ఫ్‌లో ఆర్ట్‌కటాఫ్ 10 రోజులు. పది రోజులకంటే పాత ఆర్టికల్ వస్తే తీసుకోం, పదకొండు రోజుల వరకు ఐడీ మరచిపోం. ఆర్ట్‌కటాఫ్ పెంచి రిమెంబర్‌ను అలాగే వదిలేస్తే, తీసేసిన ఆర్టికల్ మళ్లీ కొత్తదిలా లోపలికి వస్తుంది. రెండూ కలిపే మార్చండి.

కరెంటు పోతే ఆర్టికల్స్ పోతాయా?

పోవు. మన సర్వర్ అందకపోతే పీర్ దగ్గరి ఇన్‌ఫీడ్ (ఆర్టికల్స్ పంపే ప్రోగ్రామ్) మనకు రావాల్సినవి పక్కన పెట్టుకుని, మనం లేచాక పంపుతుంది. గంటా రెండు గంటలు, ఒక పూట పోయినా లోటు తెలియదు. కోతులకు భయపడక్కర్లేదన్నది అందుకే.

భయపడాల్సింది వేరే ఉంది. మా దగ్గర ఒకసారి గాలివానకు రాత్రంతా కరెంటు లేదు. ఇన్వర్టర్ కూడా అయిపోయింది. తెల్లారి కరెంటు రాగానే మెషిన్ తనే లేచింది, లైన్ కూడా వచ్చింది, నేను నిశ్చింతగా పనికి వెళ్లిపోయాను. సాయంత్రం చూస్తే రోజంతా ఒక్క ఆర్టికల్ లేదు. లాగ్ నిండా ఒకటే మాట: ఆర్టికల్ తేదీ భవిష్యత్తులో ఉంది. మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ చచ్చిపోయి గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లింది. నెట్ నుంచి సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ ఆన్ చేయడం నేను మరచిపోయాను. ఒక రోజుకు మించి ముందున్న తేదీని ఐఎన్‌ఎన్ ఒప్పుకోదు. వచ్చిన ప్రతిదానికీ 439 అని, అంటే వద్దేవద్దని చెప్పేసింది. అలా అన్నాక ఆ పీర్ దాన్ని మళ్లీ పంపదు. ఆ రోజు ఆర్టికల్స్ చాలావరకు మాకు ఇక రాలేదు. సర్వర్ పడుకుని ఉంటే అన్నీ వచ్చేవి, లేచి తప్పు జవాబు చెప్పడం వల్ల పోయాయి.

తిలక్ రోడ్డులో సీఆర్2032 బ్యాటరీ కొనుక్కొచ్చి వేశాను, గడియారం సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్ పెట్టాను. గడియారం సరైందని తేలాకే న్యూస్ సర్వర్ మొదలయ్యేలా, మెషిన్ లేచేటప్పుడు ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో వరుస మార్చాను. యూపీఎస్ బ్యాటరీ అడుగంటేలోపు సీటీఎల్‌ఐఎన్‌ఎన్‌డీ షట్‌డౌన్‌తో శుభ్రంగా ఆపేలా కూడా చేసుకున్నాను. మీరు మొదటి రోజే ఇవన్నీ చేయండి.

హిస్టరీ పాడైతే?

సర్వర్ ఆపి, మేక్‌హిస్టరీతో స్పూల్ (ఆర్టికల్స్ దాచిన చోటు) నుంచి తిరిగి కట్టుకోవచ్చు, తర్వాత దాని సూచికకు మేక్‌డీబీజెడ్ నడపాలి. ఈ పనులన్నీ న్యూస్ యూజర్‌గా చేయాలి, రూట్‌గా కాదు. రూట్‌గా చేస్తే ఫైళ్లు రూట్ సొత్తు అయిపోయి సర్వర్ వాటిలో రాయలేదు. ఎవరైనా యాష్టపడి ఫోన్ చేస్తే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే, పదిసార్లలో ఏడెనిమిదిసార్లు సమస్య అక్కడే ఉంటుంది. సెట్టింగ్స్ ఫోల్డర్, గ్రూపుల జాబితా ఉండే యాక్టివ్, న్యూస్‌గ్రూప్స్ ఫైళ్లు, లోకల్ గ్రూపుల స్పూల్ రోజూ వేరే చోటికి కాపీ తీయండి. మిగతాది పీర్ల దగ్గర ఎలాగూ ఉంటుంది.

చట్టం ఏమైనా చూసుకోవాలా?

కాలేజీ తరఫున, కంపెనీ తరఫున నడిపేవాళ్లు 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) ఆదేశాలు చదవాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి, ఎవరైనా చొరబడితే ఆరు గంటల్లో తెలియజేయాలి, గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలిసి ఉండాలి. ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులకు ఇచ్చే రక్షణ షరతులతో కూడుకున్నది. ఒక ఆర్టికల్ తీసేయాలని కోర్టు ఆదేశిస్తే సీటీఎల్‌ఐఎన్‌ఎన్‌డీ క్యాన్సిల్‌కు ఆ మెసేజ్-ఐడీ ఇస్తే మీ కాపీ పోతుంది. ఇతరుల సర్వర్లలోది మీ చేతిలో లేదని ఆ ఆదేశానికి జవాబులో రాయండి.

నడపలేకపోతే ఎలా మూసేయాలి?

ఊరు మారొచ్చు, ఉద్యోగం మారొచ్చు, ఒంట్లో బాగుండకపోవచ్చు. ఒక నెల ముందు మీ పాఠకులకు లోకల్ గ్రూపులో చెప్పండి, వేరే సర్వర్లలో ఖాతా ఎలా తీసుకోవాలో రాయండి. లోకల్ గ్రూపుల ఆర్టికల్స్‌ను మెయిల్ ప్రోగ్రాములు తెరవగల ఎమ్‌బాక్స్ ఫైళ్లుగా మార్చి, అడిగినవాళ్లకు ఇవ్వండి. అవి ఇంకెక్కడా లేవు. పీర్లకు ఒక్కొక్కరికీ మెయిల్ రాయండి, లేకపోతే వాళ్ల ఇన్‌ఫీడ్ మీ తలుపు తడుతూనే ఉంటుంది. చివరి రోజు కొత్త పోస్టులు ఆపి, పీర్లకు వెళ్లాల్సినవి ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు షట్‌డౌన్ చేయండి. డొమైన్ పేరును ఇంకో ఏడాది కట్టి ఉంచుకోవడం మంచిది, ఆ పేరుతో వేరేవాళ్లెవరూ పీర్లను మోసం చేయకుండా.